సాహిత్య సందేహాలు: దస్త్రాల్లో లేని జ్ఞాపకం

వలస పాలన నుంచి బయటపడిన దేశాల సాహిత్యం మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిని ఈసారి ఒకచోట చేర్చాం. ఆ పాలనను అక్కడి రచయితలు ఎలా గుర్తుపెట్టుకున్నారు, సాంస్కృతికంగా దాన్ని ఎలా ఎదిరించారు అన్న ఆసక్తి ఈ ప్రశ్నలన్నింటిలోనూ కనిపిస్తుంది.

ప్రశ్న: ఆఫ్రికా, కరీబియన్ దేశాల్లో చాలావాటికి స్వాతంత్ర్యం వచ్చి అరవై ఏళ్లు దాటింది. అయినా అక్కడి రచయితలు ఇంకా వలసకాలాన్నే తవ్వుతూ ఉంటారెందుకు? జరిగినదాన్ని నమోదు చేయడం చరిత్రకారుల పని కదా, నవలాకారులు దాన్ని నెత్తికెత్తుకోవలసిన అవసరం ఏమిటి? (ఒక పరిశోధక విద్యార్థి)

జవాబు: చరిత్రకారుడు పని మొదలుపెట్టాలంటే ముందు కాగితం కావాలి. వలస దేశాల విషయంలో ఆ కాగితాన్ని రాసినదీ, దాచినదీ, అక్కర్లేదనుకున్నప్పుడు తగలబెట్టినదీ చాలావరకు పాలకులే. కెన్యా సంగతే చూడండి. మౌ మౌ తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1952 నుంచి 1960 దాకా అక్కడ అత్యవసర పరిస్థితి నడిపింది, వేలాది మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టి హింసించింది. ఆ హింసను అనుభవించినవాళ్లు ముసలితనంలో లండన్ న్యాయస్థానానికి వెళ్లిన తర్వాతే, కెన్యా నుంచి రహస్యంగా తరలించిన దస్త్రాలు హాన్‌స్లోప్ పార్క్ అనే ప్రభుత్వ ప్రాంగణంలో భద్రంగా ఉన్నాయన్న సంగతి 2011లో బయటపడింది. 2013లో ప్రభుత్వం విచారం ప్రకటించి, 5,228 మంది బాధితుల విషయంలో ఖర్చులతో కలిపి 1.99 కోట్ల పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ దస్త్రాలు వెలుగు చూడటానికి నలభై నాలుగేళ్ల ముందే, 1967లో, కెన్యా రచయిత గూగీ వా థియాంగో 'ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్' నవలలో ఆ శిబిరాలు మనుషులను లోలోపల ఎలా విరిచేశాయో రాసిపెట్టారు. కాగితం దొరికేదాకా ఆగి ఉంటే రెండు తరాలు ఆ సంగతి తెలియకుండానే గడిచిపోయేవి.

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రచురించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' చివరి పుటను ఈ దృష్టితో మరోసారి చదవండి. ఉముఓఫియా అనే ఊళ్లో పేరుమోసిన మల్లయోధుడు ఒకొంక్వో తెల్లవాళ్ల కచేరీ జవానును నరికి, ఆ తర్వాత ఉరి వేసుకుంటాడు. ఆత్మహత్య చేసుకున్నవాడి శవాన్ని సొంత జాతివాళ్లు ముట్టుకోకూడదన్న కట్టుబాటు వల్ల, దాన్ని దింపించమని జిల్లా కమిషనరునే అడగవలసి వస్తుంది. కమిషనరు తిరిగి వెళుతూ, తాను రాయబోయే పుస్తకాన్ని తలచుకుంటాడు. ఈ మనిషి గురించి దాదాపు ఒక అధ్యాయం రాయవచ్చు అనుకుంటాడు; అంతలోనే అధ్యాయం ఎందుకు, ఒక పేరా చాలులే అని సరిపెట్టుకుంటాడు. దిగువ నైజర్ ప్రాంతపు ఆదిమ తెగలను దారికి తేవడం గురించిన ఆ పుస్తకానికి పేరు కూడా అప్పటికే ఖాయం చేసుకున్నాడు. అంతవరకు ఒకొంక్వో కోపాన్ని, భయాన్ని, బయటపెట్టుకోలేని ప్రేమను, మొండితనాన్ని పుటల తరబడి దగ్గర నుంచి చూసివచ్చిన పాఠకుడికి ఆ 'పేరా' దగ్గర ఒళ్లు మండుతుంది. ఇంతకుముందు చెప్పిన గూగీ నవలలో కూడా థాంప్సన్ అనే అధికారి ఆఫ్రికా మీద పుస్తకం రాద్దామని టిప్పణాలు రాసుకుంటూ కనిపిస్తాడు. తుపాకీతో పాటు కలం కూడా దొర చేతిలోనే ఉందన్న సంగతి ఈ ఇద్దరు రచయితలకూ బాగా తెలుసు.

అల్జీరియా రచయిత్రి అసియా జెబార్ ఇంకా ముందుకు వెళ్లి, ఆ దొరల కాగితాల్లోకే దిగారు. 1845 జూన్‌లో పెలిసియె అనే ఫ్రెంచి కల్నల్, దహ్రా కొండ గుహల్లో తలదాచుకున్న ఉలెద్ రియా తెగవాళ్లను, ఆడవాళ్లు, పిల్లలు, పశువులతో సహా, గుహల ముందు మంటలు వేయించి పొగబెట్టి చంపించాడు. చేసినదంతా పూసగుచ్చినట్టు పైఅధికారులకు నివేదిక రాశాడు. దాని మీద పారిస్‌లో పెద్ద గగ్గోలు పుట్టింది. రెండు నెలల తర్వాత సెంత్ ఆర్నో అనే మరో అధికారి ఇలాంటి పనే చేసి, పెలిసియె మీద పడిన నిందను చూసినవాడు కాబట్టి, గుట్టుగా ఊరుకున్నాడు. 1985లో వచ్చిన 'లామూర్, లా ఫాంతాజియా' నవలలో జెబార్ ఈ నివేదికలను, సైనికులు ఇళ్లకు రాసుకున్న ఉత్తరాలను ముందేసుకుని, రాసిపెట్టినందుకు పెలిసియెకు కృతజ్ఞతలు చెబుతారు. అందులో వ్యంగ్యం ఎంత ఉందో, నిజమైన కృతజ్ఞత కూడా అంత ఉంది. రాయకుండా చంపినవాడి చేతిలో పోయినవాళ్ల ఆనవాళ్లు వెదకడం మరీ కష్టం. అదే నవల చివర ఫ్రొమాంతాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడి ప్రస్తావన వస్తుంది. ముట్టడిలో నాశనమైన లగువాత్ పట్టణాన్ని చూడటానికి 1853లో వెళ్లిన అతనికి, దుమ్ములో తెగిపడి ఉన్న ఒక స్త్రీ చెయ్యి దొరికింది. చేతిలోకి తీసుకుని, మళ్లీ దారిలోనే పారేశాడు. ఆ చేతిని తాను ఎత్తుకుని, దానికి కలం అందించే ప్రయత్నం చేస్తున్నానని జెబార్ రాశారు. ఆమె ఆ మాట ఊరికే అనలేదు, ఆ నవలలో పెద్ద భాగం స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొన్న చదువురాని పల్లె స్త్రీల వాంగ్మూలాలే.

ఇక కాగితమే నేరస్థుడి పక్షాన ఉన్నప్పుడు ఏం చేయాలి? 1781లో జోంగ్ అనే బానిసల ఓడ సిబ్బంది, 130 మందికి పైగా ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. యజమానులు 'సరుకు నష్టం' కింద బీమా సొమ్ము కోరారు. కోర్టులో నడిచింది ఆ బీమా వ్యాజ్యమే, హత్యానేరం కింద ఎవరినీ విచారించలేదు. టొబాగోలో పుట్టి, న్యాయవాదిగా పనిచేసిన కవయిత్రి ఎం. నూర్‌బీస్ ఫిలిప్ 2008లో ప్రచురించిన 'జోంగ్!' కావ్యానికి ఆ వ్యాజ్యం తాలూకు చిన్న తీర్పు నివేదికే ముడిసరుకు. అందులోని మాటలను ముక్కలు చేసి, పుటంతా వెదజల్లి, ఊపిరాడనివాళ్ల పలుకుల్లా పేర్చారు. తొలిభాగం పుటల అడుగున, ఒక గీత కింద, కొన్ని ఆఫ్రికన్ పేర్లు ఉంటాయి. తీర్పులో ఒక్కరి పేరూ లేదు కాబట్టి ఆమె పేర్లు పెట్టవలసి వచ్చింది. పాలకుడు రాసుకున్న కాగితాన్నే తీసుకుని అతని మీద సాక్ష్యంగా నిలబెట్టడం ఈ సాహిత్యం చేసిన పనులన్నింటిలో పెద్దదని నా అభిప్రాయం. మీరు అడిగిన 'ఎందుకు' అన్నదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

ప్రశ్న: వలసవాడి భాషలో రాస్తూ వలసవాదాన్ని ఎదిరించడం సాధ్యమేనా? గూగీ ఇంగ్లీషును వదిలేశారు, అచెబె వదల్లేదు. ఎవరిది సరైన దారి? (ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: 1962లో ఉగాండాలో, కంపాలాలోని మకరేరే కళాశాలలో ఆఫ్రికా రచయితల సమావేశం ఒకటి జరిగింది. ఆఫ్రికా సాహిత్యం అంటే ఏమిటో తేల్చడానికి కూర్చున్న ఆ సభకు పిలిచింది మాత్రం ఇంగ్లీషులో రాసేవాళ్లనే. మరుసటి ఏడాది నైజీరియా విమర్శకుడు ఒబి వాలి దీని మీద విరుచుకుపడి, యూరప్ భాషలను పట్టుకుని వేలాడే ఆఫ్రికా సాహిత్యానికి ముందు దారి లేదన్నారు. ఆ తర్వాత 1965లో అచెబె, ఇంగ్లీషు తన ఆఫ్రికా అనుభవపు బరువును మోయగలదనీ, అయితే అది ఆ నేలకు తగినట్టు మారిన కొత్త ఇంగ్లీషు అయి ఉండాలనీ వాదించారు. ఆయన నవలల్లో పెద్దలు మాట్లాడే తీరు, మాటమాటకూ దొర్లే ఇగ్బో సామెతలు ఆ వాదానికి రుజువులే. పైగా ఇగ్బో, యోరుబా, హౌసా మాట్లాడేవాళ్లంతా ఒకే దేశంగా ఉన్నచోట, అందరికీ చేరే భాష ఏదన్న చిక్కు కూడా ఆయనకు ఉంది.

గూగీ సంగతి వేరు. ఆయన చదువుకున్న రోజుల్లో బడి ఆవరణలో గికుయు భాష మాట్లాడుతూ పట్టుబడిన పిల్లవాడికి బెత్తం దెబ్బలు పడేవి, లేదా 'నేను గాడిదను' వంటి మాటలు రాసిన రేకు పలకను మెడలో వేసేవారు. పట్టుబడినవాడిని మరొకడు పట్టివ్వాలి కాబట్టి, ఈ శిక్ష పిల్లలను ఒకరి మీద ఒకరు నిఘా వేసేలా కూడా తయారుచేసింది. పెద్దయ్యాక ఆయన ఇంగ్లీషులో పేరు తెచ్చుకున్నారు. 1977లో కమిరీథు గ్రామంలో రైతులు, కూలీలు, కార్మికులు కలిసి తమ చేతులతో బహిరంగ రంగస్థలం కట్టుకున్నప్పుడు, వాళ్ల కోసం ఆయన, గూగీ వా మిరీ అనే మరో రచయితతో కలిసి, 'న్గాహికా న్దెండా' అనే నాటకాన్ని గికుయులో రాశారు. తాలీములు చూడటానికి వచ్చిన ఊరివాళ్లు మాటలు సరిదిద్దారు, పాటలు చేర్చారు. కొద్ది వారాలకే ప్రభుత్వం ప్రదర్శనలను ఆపించింది, డిసెంబరు 31న గూగీని అరెస్టు చేసి, విచారణ లేకుండా దాదాపు ఏడాది కమితి జైల్లో ఉంచింది. 1982లో ఆ రంగస్థలాన్ని నేలమట్టం చేయించింది. జైల్లో ఆయన మరుగుదొడ్డి కాగితం మీద గికుయులో రాసిన నవలే తెలుగులో 'మట్టికాళ్ళ మహారాక్షసి'గా వచ్చింది. అది అచ్చయినప్పుడు కుటుంబాల్లో, సారా దుకాణాల్లో ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు.

ఆ నాటకం ఆడిన 1977లోనే గూగీ ఇంగ్లీషులో రాసిన 'పెటల్స్ ఆఫ్ బ్లడ్' నవల కూడా వచ్చింది. స్వతంత్ర కెన్యా పాలకుల మీద అందులో ఉన్న విమర్శ నాటకంలో ఉన్నదానికి ఏమాత్రం తక్కువ కాదు. ఏలినవారు దాన్ని సహించారు, కూలీలకు అర్థమయ్యే భాషలో ఆడిన నాటకాన్ని సహించలేకపోయారు. ఎవరికి వినిపిస్తోందన్నదే భాషా సమస్యలో కీలకమని దీన్నిబట్టి తేలుతోంది. తీర్పు చెప్పమంటే నేను గూగీ వైపే మొగ్గుతాను. అయితే అచెబె ఇంగ్లీషులో రాయకపోయి ఉంటే గూగీతో సహా ఒక తరం రచయితలకు అంత తొందరగా ధైర్యం వచ్చేది కాదని కూడా ఒప్పుకోవాలి.

ప్రశ్న: సాంస్కృతిక ప్రతిఘటన పేరుతో ఈ రచయితలు పాత ఆచారాలన్నింటినీ వెనకేసుకొస్తున్నారు అనిపిస్తుంది. ఆ ఆచారాల కింద నలిగిన ఆడవాళ్ల మాటేమిటి? (ఒక గృహిణి)

జవాబు: అలా వెనకేసుకొచ్చిన రచనలు లేకపోలేదు. తెల్లవాడు రాకముందు అంతా పాలూ తేనే పారేవన్న ధోరణిలో సాగే ఆ పుస్తకాలు, నిజం చెప్పాలంటే, విసుగు పుట్టిస్తాయి. ఈ సాహిత్యంలో నిలబడిన రచనలు మాత్రం సొంత ఇంటిని కూడా వదిలిపెట్టలేదు. అచెబె నవలలో కవలలు పుడితే అరిష్టమని మట్టికుండల్లో పెట్టి అడవిలో వదిలేస్తారు. ఒకొంక్వో ఇంట్లో సొంత కొడుకులా పెరిగిన ఇకెమెఫునాను దేవత ఆజ్ఞ పేరుతో నరికేటప్పుడు, పిరికివాడంటారేమోనన్న భయంతో ఒకొంక్వో తానూ కత్తి ఎత్తుతాడు. అతని కొడుకు న్వోయే కొత్త మతం వైపు వెళ్లడానికి కారణం ఆ మత సిద్ధాంతం కాదు, అది అతనికి అర్థం కూడా కాలేదు. అడవిలో ఏడ్చిన కవలల గురించి, చనిపోయిన ఇకెమెఫునా గురించి అతని మనసులో మెదిలే ప్రశ్నకు ఆ భజన పాటలో ఏదో ఓదార్పు దొరికింది. నాలుగు కాన్పుల్లోనూ కవలలనే కని, అందరినీ పోగొట్టుకుని, మళ్లీ గర్భవతి అయిన న్నెకా అనే ఆమె కూడా ఆ చర్చిలో చేరుతుంది. బయటివాడు ఏ పగుళ్లలోంచి లోపలికి వచ్చాడో అచెబె దాచలేదు. ఆ నిజాయితీ వల్లే చివర్లో కమిషనరు రాయబోయే పేరా మనల్ని అంతగా కలచివేస్తుంది.

స్త్రీల సంగతికి వస్తే, జింబాబ్వే రచయిత్రి త్సిత్సి దంగరెంబ్గా 1988లో ప్రచురించిన 'నెర్వస్ కండిషన్స్' తప్పకుండా చదవండి. తమ్ముళ్ల కోసం, అన్నల కోసం ఆడపిల్లల చదువును పక్కన పెట్టే ఇంట్లో పుట్టిన తంబు, అన్న చనిపోయినందుకు తనకు బాధ కలగలేదని చెబుతూ కథ మొదలుపెడుతుంది. అతడు పోయినందువల్లే ఆమెకు మిషన్ బడిలో చోటు దొరికింది. ఆమె పెదనాన్న బబముకురు తెల్లవాళ్ల చదువు చదివి ఇంటిల్లిపాదినీ శాసించే పెద్దమనిషి. అతని కూతురు న్యాషా ఇంగ్లండులో కొన్నేళ్లు పెరిగి వచ్చి, ఎటూ ఇమడలేక, తిండి మానేసి శుష్కించిపోతుంది. ఒక రాత్రి ఆ పిల్ల తాను పరీక్షకు చదువుతున్న చరిత్ర పుస్తకాన్ని పళ్లతో చీల్చి, అవన్నీ వాళ్ల అబద్ధాలని అరుస్తుంది. తండ్రి పెత్తనం, వలస చదువు ఒకే తాడుకు రెండు పేటలుగా ఆమె గొంతుకు బిగుసుకున్నాయి. ఆ రెండింటిలో ఒకదాన్నే చూపించే పుస్తకం సగం నిజమే చెప్పినట్టు.

'సంస్కృతుల సంఘర్షణ' అన్న ముద్రను కూడా కాస్త అనుమానంగానే చూడాలి. నైజీరియాలోని ఓయో పట్టణంలో 1940లలో జరిగిన ఒక ఘటన ఆధారంగా ఆ దేశపు నాటకకర్త వోలే షోయింకా 1975లో 'డెత్ అండ్ ద కింగ్స్ హార్స్‌మన్' నాటకం రాశారు. రాజు చనిపోతే అతని అశ్వదళాధిపతి కూడా ప్రాణం విడిచి వెంట వెళ్లాలన్నది ఆచారం. జిల్లా అధికారి దాన్ని అడ్డుకుంటాడు. ఈ నాటకాన్ని సంస్కృతుల ఘర్షణగా చూపించవద్దని షోయింకా ముందుమాటలో దర్శకులను హెచ్చరించారు. వలస అధికారి జోక్యం ఇందులో ఒక నిమిత్తమే అన్నారు. వెళ్లవలసిన వేళకు ఆ అశ్వదళాధిపతి ఎలెసిన్ మనసు లోకం మీద మమకారంతో తడబడటమే అందులో అసలు విషాదం. తెల్లవాడిని తిట్టడానికైనా సరే, ప్రతి కథకూ అతన్నే కేంద్రంగా పెట్టుకోవడం కూడా ఒక రకమైన బానిసత్వమేనని ఆ హెచ్చరికలో నాకు వినిపిస్తుంది.

ప్రశ్న: పాశ్చాత్య ప్రామాణిక రచనలను తిరగరాయడం అరువు సరుకు కాదా? (ఒక కథారచయిత)

జవాబు: ఆ ప్రామాణిక రచనలు కేవలం కథలుగా వచ్చి ఉంటే మీ ఆక్షేపణకు బలం ఉండేది. అవి పాఠ్యపుస్తకాలుగా వచ్చాయి. ఇంగ్లీషు సాహిత్యం ఇంగ్లండులో ఒక బోధనాంశంగా స్థిరపడకముందే వలస భారతంలో పాఠంగా ప్రవేశించిందని గౌరీ విశ్వనాథన్ పరిశోధించి చూపారు. చిన్నప్పుడు బలవంతంగా బట్టీపట్టించిన పుస్తకానికి పెద్దయ్యాక జవాబు రాయడం అరువు కిందికి రాదు. జీన్ రీస్ 1966లో 'వైడ్ సర్గాసో సీ'లో, 'జేన్ ఐర్' నవల అటక మీద బంధించిన పిచ్చి భార్యను కరీబియన్ పిల్ల ఆంత్వానెత్‌గా మన ముందు నిలబెట్టారు. అయితే ఆంత్వానెత్‌ను అమాయక బాధితురాలిగా మాత్రమే చూపలేదు. బానిసలను ఏలిన కుటుంబం ఆమెది; వాళ్ల ఇల్లు తగలబడుతున్న రాత్రి ఆమె తన నల్లజాతి చిన్ననాటి స్నేహితురాలు టియా వైపు పరుగెత్తితే, టియా రాయి విసురుతుంది. ఒకరి ముఖం మీద నెత్తురు, మరొకరి ముఖం మీద కన్నీళ్లు. ఎంత తెలివైన మూలరచనైనా చూడలేని దృశ్యం అది. కరీబియన్ కవి ఎయిమె సెజేర్ 1969లో షేక్స్‌పియర్ 'టెంపెస్ట్'ను తిరగరాసి, అందులోని బానిస కాలిబన్‌కు యజమాని పెట్టిన పేరును కాలిబన్ చేతనే తిరస్కరింపజేసిన నాటకం కూడా ఇదే కోవలోది.

ప్రశ్న: వలస పాలకులు వెళ్లిపోయాక ఈ ప్రతిఘటన ఎవరి మీద? (ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: గూగీ అరెస్టు సంగతి పైన రాశాం కదా, ఆయనను జైల్లో పెట్టింది స్వతంత్ర కెన్యా ప్రభుత్వమే. ఇండొనేషియా రచయిత ప్రముద్య అనంత తుర్ ఇంకా పెద్ద ఉదాహరణ. 1940లలో డచ్చివాళ్లు ఆయనను జైల్లో పెట్టారు. 1965లో సొంత దేశపు సైనిక పాలకులు పట్టుకెళ్లి, విచారణ లేకుండా 1979 దాకా నిర్బంధించారు. అరెస్టు రోజునే ఆయన గ్రంథాలయం, రాతప్రతులు ధ్వంసమయ్యాయి. బురు ద్వీపంలో కాగితం, కలం ఇవ్వని కాలంలో ఆయన ఒక మహానవలను తోటి ఖైదీలకు నోటితో చెప్పారు. తర్వాత రాయడానికి వీలు దొరికినప్పుడు అది నాలుగు సంపుటాలైంది. డచ్చి బడిలో చదివి, పత్రికా రచయితగా ఎదిగే మింకె అందులో నాయకుడు. మొదటి సంపుటం 1980లో వస్తే, మరుసటి ఏడాదే నిషేధించారు. డచ్చి పాలన గురించిన నవలను డచ్చివాళ్లు లేని దేశంలో ఎందుకు నిషేధించారో నాలుగో సంపుటం చదివితే బోధపడుతుంది. అక్కడ కథకుడు మారిపోతాడు. మింకె మీద నిఘా వేసి, అతని జీవితాన్నంతా దస్త్రంగా కట్టే పంగెమానన్ అనే స్థానిక పోలీసు అధికారి చేతికి కథ వస్తుంది. మింకెను అతడు లోలోపల ఆరాధిస్తూనే నాశనం చేస్తాడు. దొరలు పోయినా ఆ దస్త్రాల గది, ఆ నిఘా పద్ధతి, ఆ ఉద్యోగి మనస్తత్వం కొత్త పాలకులకు ఉన్నవి ఉన్నట్టుగా అందాయి.

ప్రశ్న: కొత్తగా చదవడం మొదలుపెట్టేవాళ్లు ఏ వరసలో చదవాలి? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: ముందు అచెబె నవల, దాని వెంటనే దంగరెంబ్గా. ఆ తర్వాత 'ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్', ఓపిక ఉంటే ప్రముద్య నాలుగు సంపుటాలు. జెబార్ నవలలో కాలం ముందుకూ వెనక్కూ నడుస్తుంది కాబట్టి, 1830లో మొదలైన అల్జీరియా ఆక్రమణ గురించి నాలుగు పుటలు చదువుకుని మొదలుపెడితే మంచిది. సిద్ధాంత గ్రంథాలను చివరికి ఉంచుకోండి. వలసవాదం మీద సిద్ధాంత గ్రంథాలు రాసిన ఫ్రాంజ్ ఫానన్‌ను మాత్రం కాస్త ముందే చదివినా నష్టం లేదు.